పడవ యింజను కుంటు – గేరుపెట్టె వణకు



ఈ సాయంకాలము నేను మనవిచేయబోవునది పురాణవిషయము గాదు, వ్యవసాయవిషయమును గాదు. పడవలోని డీజిలు ఇంజను నెమ్మదిగా తిరుగవలసిన సమయమున కుంటుటయు, దాని వెనుకనున్న గేరుపెట్టె వణకుటయు నను రెండు బాధలను గూర్చి చెప్పుదును. ఇది మెకానిక్కుల పని గదా, మన కేల యని మీలో కొందఱ కనిపింపవచ్చును. కాని కోనసీమలోను, గోదావరి లంకలలోను రేవు దాటవలసిన గ్రామములకు లాంచియే బండి, లాంచియే బాట. రేవు వేలము పాడించువారు పెద్దలు. ఇంజను చెడినప్పుడు ఈ వస్తువు మార్చవలె, ఇంత సొమ్ము కావలె నని యెవరైన చెప్పగా సరే యనువారును పెద్దలే. నడపువానిది తప్పా కాదా యని తీర్పు చెప్పువారును పెద్దలే. అట్టి తీర్పొకటి నేను తొందరపడి చేయించితిని. ఆ కథయే నేటి నా ప్రసంగము.

కథకు ముందు ఇంజను స్వభావము కొంచెము తెలియవలెను. గోదావరిమీద ఒకప్పుడు ఆవిరి పడవలు తిరిగినవి. ఆవిరి యంత్రము పూర్తిగా నిలిచిపోయి, ఆవిరి విడువగానే మరల బయలుదేరగలదు. రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను దేశీయుడు 1897లో నడిపి చూపిన యంత్రమున కా గుణము లేదు. అది యొకసారి యాగిన, వెలుపలి బలముతో త్రిప్పినగాని లేవదు. కావున పడవ రేవున నిలిచియున్నను ఇంజను మెల్లగా తిరుగుచునే యుండవలెను. దీనినే మావారు స్లో అందురు. ఇంజను తిరుగుచున్నను పంకా తిరుగకుండ చేయుటకును, పడవను ముందునకో వెనుకకో నడుపుటకును గేరుపెట్టె కావలసివచ్చెను. ఇంకొక మాట. రోడ్డుమీది బండికి బ్రేకున్నది, పడవకు లేదు. వెనుక గేరే పడవకు బ్రేకు. రేవు దగ్గఱకు వచ్చి, స్లోకు తగ్గించి, వెనుక గేరు వేసినప్పుడు ఇంజను ఆగిపోయినచో పడవ గట్టును గ్రుద్దుకొనును. లేదా ప్రవాహము దానిని తనయిష్టము వచ్చినట్లు లాగుకొనిపోవును. స్లోలో ఇంజను కుంటుట చెవికి బాధ మాత్రమే కాదు, ప్రాణాపాయ మనుట కిదియే కారణము.

ఇక కథ. 2022వ సంవత్సరము వేసవి చివర మా రేవు పాట నా పేర నుండెను. లాంచి కొయ్యది. లోపల నాలుగు సిలిండర్ల ఇంజను, దాని వెనుక గేరుపెట్టె. పెట్టెనుండి ఒక ఉక్కు షాఫ్టు పడవ యడుగు గుండ నీటిలోనికి పోవును. దాని కొనయందు మూడు రెక్కల పంకా. ఇంజను రెండు చుట్లు తిరిగిన పంకా యొక చుట్టు తిరుగునట్లు గేరు తగ్గింపు. ఆ లాంచిని నడపువాడు అఱువదియేండ్లు దాటిన సరంగు.

జ్యేష్ఠమాసమున రోగము కనిపించెను. రేవున నిలిచినప్పుడు ఇంజను సమముగా తిరుగక, కుంటివాని నడకవలె దబ్బు దబ్బున కదలుచుండెను. గేరుపెట్టెలోనుండి గులకరాళ్లు డబ్బాలో వేసి కదిపినట్లు గలగల చప్పుడు. నడిగోదావరిలో వేగము హెచ్చించినప్పుడు కాళ్లక్రింది పలకలు వణకుచుండెను; బల్లమీది చెంబులో నీళ్లకు ముడుతలు పడుచుండెను. రెండుమార్లు వెనుక గేరు వేయగానే ఇంజను ఆగిపోయెను. రెండవమారు లాంచిలో బడిపిల్లలుండిరి. సరంగు గడకఱ్ఱతో గట్టును తన్ని పడవను ఆపగలిగెను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పట్టణమునుండి మెకానిక్కును పిలిపించితిని. అతడు గేరుపెట్టెమీద చేయి వైచి, చప్పుడు విని, పెట్టె పోయినది, క్రొత్తది వేయవలసినదే, లక్షరూపాయలు దాటు ననెను. గేర్లు మొరటుగా వేయుటచే పండ్లు పాడైనవని కూడ ననెను. నాకు సరంగుమీద కోపము వచ్చెను. పెద్దలయెదుట అతనిని నిలబెట్టితిని. అతడు చెప్పినది ఒక్కటే మాట.

“ఆయ్, పెట్టెది తప్పు కాదండి బాబుగారూ. కుంటేది ఎద్దండి. అరిచేది బండండి.”

ఆ మాట నాకు తప్పించుకొను మాటవలె వినిపించెను. అతనిని ఇంటికి పంపివేసితిని. క్రొత్త పెట్టెకొఱకు అప్పు వెదకసాగితిని.

అప్పు దొరకకముందే దైవవశమున మా చుట్టము లొకరు ఇంటికి వచ్చిరి. వారు కాకినాడలో చేపలపడవల ఇంజనులపై ముప్పదియేండ్లు పనిచేసి విరమించినవారు. సంగతి విని, “పెట్టె మార్చుటకేమి, ఎప్పుడైనను మార్చవచ్చును. ముందు వణకు ఎచ్చట పుట్టుచున్నదో చూతము. ప్రతిదినము ఆ ఇంజను చప్పుడు విన్న చెవి యెవరిది? ఆ మనిషిని పిలిపింపుడు” అనిరి. సిగ్గుతోనే సరంగునకు కబురు పంపితిని. అతడు వచ్చెను.

మఱునాటి ఉదయము లాంచిమీద జరిగిన పరీక్ష యిది. దీనిని వరుసగా వినవలెనని ప్రార్థన. వరుసయే ఇందులో ముఖ్యము.

మొదట వారు కండువా తీసి ప్రక్కన పెట్టిరి. నన్నును పంచె కుచ్చిళ్లు బిగించుకొమ్మనిరి. తిరుగుచున్న షాఫ్టునకు గుడ్డకొస తగిలిన మనిషిని లాగుకొనునని హెచ్చరించిరి. తరువాత ఇంజను ఆపియుండగానే గేరుపెట్టెలోని నూనె కొలపుల్ల తీసి చూచిరి. నూనె మట్టము సరిగా నున్నది. రంగు నిర్మలముగా నున్నది. పాలు కలిసినట్లు తెల్లబడలేదు. తెల్లబడినచో నీరు చొచ్చినదని గుఱుతు. మాడువాసన లేదు. తెల్లగుడ్డపై రాచి ఎండలో చూడగా లోహపు రజను మెఱయలేదు. “పండ్లు అరిగిన పెట్టె నూనెలో సాక్ష్యము విడువక మానదు. ఇందులో సాక్ష్యము లేదు” అనిరి. ఆ పరీక్షకు పట్టిన కాలము పది నిమిషములు. దానిని మేమెవ్వరమును ముందుగా చేయలేదు.

రెండవది, ఇంజనును స్లోలో నుంచి, గేరు నడుమనుంచి, చప్పుడు వినిరి. అప్పుడు ఇంజను నిమిషమునకు సుమారు 700 చుట్లు తిరుగుచుండెను. దానిని 850కి హెచ్చించిరి. గలగల వెంటనే ఆగిపోయెను. మరల తగ్గింపగా మరల వచ్చెను. ఇందలి కీలకము వారు నాకు చెప్పిరి. గేరు చక్రముల పండ్ల నడుమ వెండ్రుకవాసి సందు ఉండి తీరవలెను. ఇంజను సమముగా తిరిగినంతకాలము పండ్లు ఒకవైపుననే ఆనుకొని యుండును. ఇంజను ఒకసారి ముందునకు ఉఱికి, ఒకసారి వెనుకబడినచో పండ్లు ఆ సందులో అటు నిటు కొట్టుకొని గలగలలాడును. ఇంజనునకును పెట్టెకును నడుమ స్ప్రింగులు గల పళ్లెము ఒకటి ఉండును. ఈ ఉఱుకులను మెత్తబఱచుట దాని పని. స్ప్రింగులు విఱిగినను ఇట్టి చప్పుడే వచ్చును. అయినను ముందుగా చూడవలసినది ఇంజను నడకయే. ఏలయనగా నడక బాగుపడిన పిదపయు చప్పుడు మిగిలినప్పుడే ఆ పళ్లెమును అనుమానింపవలెను.

కొందఱు స్లోను హెచ్చించి చప్పుడు మాన్పి, రోగము కుదిరినదందురు. అది రోగిని అఱవకుండ నోరు మూయుటవంటిది. పైగా స్లో హెచ్చిన పిదప గేరు దెబ్బతో పడును; పడవ రేవున నిలువక ముందునకు తోసుకొనిపోవును.

మూడవది, ఇంజను కుంటు ఎట్టిదని వినుట. సరంగును అడిగిరి. “ఒకే లెక్కండి. ఏనాడూ తప్పలేదండి” అని అతడు చెప్పెను. ఇది యమూల్యమైన సాక్ష్యము. డీజిలు దారిలో గాలి పట్టినప్పుడు ఇంజను ఒకసారి లేచి, ఒకసారి పడి, లయ తప్పి ఊగులాడును. ట్యాంకునుండి పీల్చు గొట్టముల అతుకులలో సందున్నచో డీజిలు బయటకు కారకయే గాలి లోపలికి పోవును. కావున తడి లేదని నమ్మరాదు. అట్లుగాక కుంటు లెక్క తప్పక వచ్చుచున్నచో ఒక సిలిండరు పనిచేయుట లేదని యూహింపవలెను. ప్రతి సిలిండరును ఇంజను రెండు చుట్లకు ఒకసారి మండును. 700 చుట్లలో ఒక్కొక్కటి 350 మార్లు, నాలుగును కలిసి 1,400 మార్లు. ఒకటి మండనిచో నిమిషమునకు 350 లోపములు వరుసగా పడును. నాలుగెడ్ల బండిలో ఒక యెద్దు అడుగు వేయక ఈడ్వబడుచున్నట్లే.

ఏ యెద్దో తేల్చుట నాలుగవ పని. నాజిలునకు డీజిలు తెచ్చు గొట్టపు నట్టును, గుడ్డ చుట్టి, ఒక్కొక్కదానినే కొంచెము సడలించి మరల బిగించిరి. మొదటిదానిని సడలింపగా ఇంజను చప్పుడు పడిపోయెను. అనగా ఆ సిలిండరు పనిచేయుచుండెనన్న మాట. రెండవదియు నంతే. మూడవదానిని సడలింపగా ఏ మార్పును లేదు. నాలుగవది మొదటిదానివలెనే. దొంగ మూడవ సిలిండరు.

ఇచ్చట నేనొక హెచ్చరిక చేయవలెను. ఆ గొట్టములో డీజిలు గాలి యొత్తిడికి నూఱురెట్లు మించిన యొత్తిడితో నుండును. దాని సన్నని చిమ్ము చర్మమును దూసి లోపలికి పోగలదు. కంటికి తగిలిన చూపు పోవును. కావున తెలిసినవారే, కంటికి అద్దములు పెట్టుకొనియే చేయవలెను. ఇప్పటి క్రొత్త ఇంజనులలో కామన్ రైలు అను పద్ధతి గలదు. అందులో ఒత్తిడి వేయిరెట్లు మించును. ఇంజను తిరుగుచుండగా ఆ గొట్టములను సడలించుట ఎంత తెలిసినవారికైనను కూడదు. వానికి వేఱు పరికరము తగిలించి చూచెదరు.

మూడవ సిలిండరున లోపమని తేలినంత మాత్రమున నాజిలు చెడినదని తీర్పు చెప్పరాదు. వాల్వు సరిగా మూయకపోవచ్చును. రింగులు అరిగి బిగువు తగ్గియుండవచ్చును. పంపు ఆ గొట్టమునకు డీజిలు చాలినంత ఇయ్యకపోవచ్చును. దానిని తేల్చుటకు వారు చేసిన యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. ఇంజను ఆపి, మూడవ నాజిలును మొదటి సిలిండరునకును, మొదటి నాజిలును మూడవ సిలిండరునకును మార్చి బిగించిరి. మరల నడిపి, నట్లు సడలించి చూడగా ఈసారి మూడవది బాగుగా పనిచేసెను; మొదటిది చచ్చెను. లోపము నాజిలుతోకూడ నడచి వచ్చెను. ఇక సందేహమునకు తావులేదు. లోపము కదలక మూడవ సిలిండరుననే నిలిచియున్నచో నాజిలు నిర్దోషియై, వాల్వులను రింగులను చూడవలసివచ్చెడిది.

నాజిలు ఏల చెడినదని కూడ వారు విడువలేదు. ఫిల్టరు గిన్నె విప్పగా అడుగున అరయంగుళము నీరు, త్రుప్పు కనిపించెను. ట్యాంకు సగము ఖాళీగా నుంచిన, రాత్రి చలువకు లోపలిగాలిలోని తడి చెమటవలె పట్టి డీజిలులో దిగును. ఆ నీరే నాజిలు మొనను పాడుచేసినది. ట్యాంకు కడిగించితిమి, ఫిల్టరు మార్చితిమి, నాజిలు మొన క్రొత్తది వేయించితిమి. ఇంజను నడుపగా స్లోలో దీపపు కొడివలె నిలకడగా తిరిగెను. గలగల లేదు. వెనుక గేరు పదిమార్లు వేసి చూచితిమి, ఒక్కసారియు ఆగలేదు.

నేను సంతోషముతో కొబ్బరికాయ కొట్టబోతిని. వారు వారించి, “రెండు రోగములలో ఒకటియే పోయినది. నడిగోదావరికి పోనిండు” అనిరి. నిజమే. ముందు గేరులో వేగము హెచ్చింపగా పలకలు మునుపటివలెనే వణకెను. అదే వేగమున గేరు తీసి ఇంజనును మాత్రము నడుపగా వణకు లేదు. ఎడ్లను విప్పి నడిపించిన నడక బాగున్నది, బండి కట్టిన కుదుపు వచ్చుచున్నది. కావున లోపము కాడికి వెనుకనున్నది. గేరు వేసినను తీసినను వణకు మారకున్న ఇంజనును, అది కూర్చుండు రబ్బర్లను చూడవలెను. గేరు వేసినప్పుడు మాత్రమే వచ్చిన షాఫ్టును, కప్లింగును, పంకాను చూడవలెను. ఈ యొక్క పరీక్ష తెలిసినవానిని ఎవ్వరును సులభముగా మోసపుచ్చలేరు.

ఇంజను ఆపి, తాళము తీసి సరంగు చేతికిచ్చి, కళాసీని నీటిలోనికి దింపిరి. పంకాకు వలత్రాడు గాని, ప్లాస్టికు సంచి గాని చుట్టుకొనలేదు. రెక్కలు వంగలేదు. షాఫ్టు చివరి బేరింగులో వదులు లేదు. అప్పుడు పెట్టెకును షాఫ్టునకును నడుమనున్న కప్లింగు బోల్టులు విప్పిరి. రెండు పళ్లెములు ఎదురెదురుగా వచ్చినవి. షాఫ్టు తన బరువుతో క్రిందికి వ్రేలకుండ దానికి కొయ్య ఆధారము పెట్టి, సన్నని ఉక్కురేకుల గేజితో పైన, క్రింద, కుడిని, ఎడమను సందు కొలిచిరి. పళ్లెము వెడల్పు నూఱు మిల్లీమీటర్లున్న, ఏ రెండు చోట్ల సందులకును భేదము మిల్లీమీటరులో పదవవంతు మించరాదు. అనగా ఇంచుమించు ఒక కాగితపు దళసరికంటె నెక్కువ గాదు. మాకు క్రింద సందు అర మిల్లీమీటరు ఎక్కువ వచ్చెను.

షాఫ్టును పావుచుట్టు త్రిప్పి మరల కొలిచిరి. సందు పళ్లెముతోకూడ తిరిగియున్నచో షాఫ్టు వంగినదనియో, పళ్లెము సరిగా లేదనియో అర్థము. మాది తిరుగక క్రిందనే నిలిచెను. అనగా షాఫ్టు మంచిదే; ఇంజను వెనుకభాగము క్రుంగినది. దీపము పెట్టి చూడగా వెనుక రబ్బర్లు రెండును చుక్కచుక్కగా కారిన నూనె త్రాగి, మెత్తబడి, అణగియుండెను. వానిని మార్చి, నూనె కారుట మాన్పి, నాలుగు ప్రక్కల సందు సమమగునట్లు ఇంజనును సవరించిరి. ఇదంతయు పడవ నీటిలో నుండగనే చేసిరి. గట్టుమీద కొయ్యపడవ రెండు మూడు దిమ్మలపై నానియుండుటచే దాని యడుగు కొంత వంగును. అచ్చట సరిచేసినది నీటిలో దింపగానే తప్పును. గట్టునుండి దింపిన పడవనైనను ఒక దినమైనను నీటిలో నుంచి, కొయ్య సర్దుకొన్న పిదపనే కొలువవలెను.

నాజిలు మొన, ఫిల్టరు, రెండు రబ్బర్లు, ఇంకను చిల్లర ఖర్చులు. అంతయు కలిపి క్రొత్త పెట్టె కడిగిన సొమ్ములో పదవవంతైనను కాలేదు. క్రొత్త పెట్టె వేసియున్నచో ఏమగును? కుంటు పోదు, వణకు పోదు. లక్ష పోవును, ఆ క్రొత్త పెట్టెయు తప్పిన వరుసలో తిరిగి త్వరలోనే చెడును. అప్పుడు మరల నడపువానినే నిందింతుము.

ఆ సాయంకాలము ఏ పెద్దలయెదుట సరంగును నిలబెట్టితినో ఆ పెద్దలయెదుటనే నేను నిలబడి, తప్పు నాదని చెప్పి, అతనిని క్షమింపుమని కోరితిని. అతడు నవ్వి, “ఇంజను బాగుంది కదండీ బాబుగారూ. అదే చాలండి” అనెను. అతడు మొదటనే నిజము చెప్పెను. చదువురాని మాటలలో చెప్పుటచే నాకు తెలియలేదు.

నెలతిరుగకముందే, 2022 జూలై నడుమ, భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటిన మహావరద గోదావరికి వచ్చెను. లంకలలోనివారిని గట్టునకు చేర్చుటకు పడవలే దిక్కయినవి. మా లాంచియు పోయెను. నడిపినది ఆ సరంగే. ఎఱ్ఱనీటిలో, మునిగిన కొబ్బరితోటల నడుమ, స్లోకు తగ్గించి, వెనుక గేరు వేసి, డాబాలప్రక్కన పడవను నిలిపి, పిల్లలను ముసలివారిని ఎక్కించుకొనెను. ప్రతిమారు వెనుక గేరు పడునప్పుడు నా గుండె ఆగినంత పనియయ్యెను. ఇంజను మాత్రము ఆగలేదు.

పెద్దలారా, మీరు స్పానరు పట్టనక్కఱలేదు. సొమ్మిచ్చుటకు ముందు కొన్ని ప్రశ్నలడిగిన చాలును. నూనె చూచితిరా? గేరు తీసినప్పుడు వణకు ఉన్నదా, వేసినప్పుడు మాత్రమే యున్నదా? కుంటు లెక్కప్రకారము వచ్చుచున్నదా, లయ తప్పి వచ్చుచున్నదా? ఏ సిలిండరో తేల్చితిరా? కప్లింగు సందు పడవ నీటిలో నుండగా కొలిచితిరా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పలేనివాడు వస్తువును మార్చుమన్నచో, మఱునాడు రమ్మనుడు. ఒక దినమున ఒక్కదానినే సవరించి, ఫలము చూచి, తరువాతదానికి పొండు. రెండు మూడు కలిపి మార్చిన, కుదిర్చినది ఏదియో తెలియదు. అన్నిటికంటె ముందు, ఆ యింజనుతో దినమెల్ల గడపు మనిషిని పిలిచి కూర్చుండబెట్టి, అతని మాట వినుడు.